జలచరముల నెచ్చెలి – ఝాన్ విల్‌ప్రో పవర్

హైదరాబాదు నగరమున అబిడ్సునకును నాంపల్లికిని చేరువగా గన్‌ఫౌండ్రీ యను పేట కలదు. పదునెనిమిదవ శతాబ్దము చివరి భాగమున నిజాము కొలువులో నుండిన రేమండ్ అను ఫ్రెంచి సేనాని అచ్చట ఫిరంగులను పోతపోయు కార్ఖానాను నడపెను. ఆ ప్రదేశమునకు ఆ పేరు అందువలననే వచ్చినది. ఆ పేటలోని యొక యింట నేను కన్నులార చూచిన చిన్న సంగతితో ఈ కథ నారంభించెదను.

ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలుడు తాను కూడబెట్టుకొన్న డబ్బుతో నియాన్ టెట్రా లను చిన్నచేపలను ఆఱింటిని కొనితెచ్చెను. అవి దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతమునకు చెందిన జాతివి. నీలపు చారతోను ఎఱ్ఱని చారతోను దీపముల వలె మెఱయుచుండును. బాలుడు క్రొత్త గాజుతొట్టిని తళతళలాడునట్లు కడిగి, కుళాయి నీటితో నింపి, ప్లాస్టిక్ సంచిలోని చేపలను ఒక్కసారిగా అందులో గ్రుమ్మరించెను. వానికి కడుపునిండ మేత వేసెను. మఱునాడు తెల్లవారునప్పటికి నాలుగు చేపలు చచ్చి నీటిపై తేలియుండెను. బాలుని దుఃఖమునకు మేర లేదు. మంచి తొట్టి, మంచి నీరు, మంచి మేత ఇచ్చియుండగా అవి ఏల చనిపోయెనో వానికి బోధపడలేదు.

ఈ ప్రశ్ననే తనకు తాను వేసికొని, ఏండ్ల తరబడి శ్రమపడి, దానికి దారి కనుగొన్న వనిత యొకతె రెండు వందల యేండ్లకు పూర్వమే పుట్టినది. ఫిరంగుల కార్ఖానా నడపిన రేమండ్ ఏ దేశమువాడో ఆమెయు ఆ దేశమునకు చెందినదే. అతడు 1798లో హైదరాబాదునందు మరణించునప్పటికి ఆమె మూడేండ్ల పసిపాప. ఆమె పేరు ఝాన్ విల్‌ప్రో. వివాహానంతరము ఝాన్ పవర్ అని ప్రసిద్ధికెక్కినది. గాజుతొట్టిలో జలచరములను బ్రతికించి, వాని జీవితమును శాస్త్రరీతిని పరిశీలించినవారిలో ఆమె మొదటిది.

ఝాన్ 1794వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఫ్రాన్సు దేశపు నడుమనున్న జుయాక్ అను పల్లెయందు ఒక సామాన్య కుటుంబమున జన్మించెను. ఆ కాలమున పల్లెటూరి బాలికలకు గొప్ప చదువులు చదువు అవకాశము లేదు. చదువుటయు వ్రాయుటయు నేర్చుకొనుటయే మహాభాగ్యము. అంతటితో తృప్తిపడక, పదునెనిమిదవ యేట, అనగా 1812లో, ఆమె కుట్టుపని నేర్చి బ్రతుకవలెనని నిశ్చయించుకొని పారిస్ మహానగరమునకు బయలుదేరెను. జుయాక్ నుండి పారిస్ నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దూరము. మన హైదరాబాదు నుండి రాజమహేంద్రవరమునకు పోయినంత దారి. ఆమె ఆ దూరమును కాలినడకనే సాగెను. మార్గమధ్యమున ఇక్కట్లు కలిగి ఆలస్యమయ్యెను. పారిస్ చేరునప్పటికి ఆమెకు ఇచ్చెదమన్న పని మఱియొకరి పాలయ్యెను.

తెలిసినవారు లేని ఊరిలో అట్టి ఎదురుదెబ్బ తగిలినచో ఎంతటివారికైనను గుండె చెదరును. ఝాన్ వెనుకకు మరలలేదు. దుస్తులు కుట్టెడి మఱియొకరి వద్ద సహాయకురాలిగా చేరి, సూదియు దారమును పట్టి ఓర్పుతో పనిచేసెను. కొలది సంవత్సరములలోనే ఆమె చేతిపని పేరు పొందినది. 1816లో కరోలీన్ రాకుమారి పెండ్లికి వస్త్రమును కుట్టెడి అవకాశము ఆమెకు లభించెను. ఆ పనితో ఆమె కీర్తి వ్యాపించినది. ఆ రోజులలోనే జేమ్స్ పవర్ అను వర్తకునితో పరిచయమేర్పడెను. 1818లో సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా పట్టణమున వారిరువురకు వివాహము జరిగెను. అప్పటినుండి ఇరువదియైదేండ్ల కాలము ఆ ద్వీపమే ఆమెకు ఇల్లు, అదియే ఆమెకు పాఠశాల.

సిసిలీ మధ్యధరా సముద్రమునందలి పెద్ద ద్వీపము. అచ్చట ఎట్నా అగ్నిపర్వతము పొగలు గ్రక్కుచుండును. మెస్సీనా ముందున్న ఇఱుకైన జలసంధిలో ప్రవాహములు ఉద్ధృతముగా పాఱుచుండును. లోతైన జలములలో నివసించెడి వింత జీవులు సహితము వానితోపాటు ఒడ్డు దాపునకు వచ్చుచుండును. భర్త సంపన్నుడు గనుక ఝాన్ సుఖముగా కాలము గడపవచ్చును. ఆమె ఆ విశ్రాంతిని విద్యకు వినియోగించెను. గురువు లేకయే ప్రకృతిశాస్త్రమును అభ్యసించెను. ద్వీపమంతట కాలినడకను తిరిగి గవ్వలు, శిలాజములు, మొక్కలు, సీతాకోకచిలుకలు సేకరించి, వాని పేర్లను స్థలములను వ్రాసికొనెను.

ఆమె మనస్సును మిక్కిలి ఆకర్షించిన జీవి ఆర్గొనాట్. అది అష్టపాది కుటుంబమునకు చెందినది. అష్టపాదికి గుల్ల లేదు గాని ఆడ ఆర్గొనాట్ కాగితమువలె పలుచనై, పాలవలె తెల్లనైన అందమైన గుల్లలో కూర్చుండి సముద్రమున తిరుగును. దానికున్న ఎనిమిది చేతులలో రెంటి చివర వెడల్పైన పొరలు కలవు. ఆ పొరలను తెరచాపలవలె ఎత్తి అది నీటిపై పడవవలె సాగిపోవునని ప్రాచీన గ్రీసు దేశీయులు నమ్మిరి. అంతకంటె పెద్ద సందేహము మఱియొకటి యుండెను. ఆ గుల్ల దాని సొంతమా? లేక సన్యాసి పీత చచ్చిన నత్త గుల్లలో దూరినట్లు, అదియు ఇతర జీవి గుల్లను ఆక్రమించినదా? నత్త శరీరము గుల్లకు కండరముతో అంటియుండును. ఆర్గొనాట్ శరీరము అట్లు అంటియుండదు. అందుచే ఆ గుల్ల దొంగసొత్తే యని చాలమంది పండితులు వాదించిరి.

అరిస్టాటిల్ నాటినుండి ఉన్న ఈ చర్చ ఏల తెగలేదు? పండితులు చూచినవి చచ్చిన ఆర్గొనాట్లు. సీసాలలో మద్యసారమున నిలువచేసిన కళేబరము తన గుల్లను తానెట్లు కట్టుకొన్నదో చెప్పలేదు గదా! బ్రతికిన దానిని పట్టి తెచ్చి పళ్ళెరములో వేసినచో అది కొలది కాలముననే చనిపోవుచుండెను. బ్రతికియున్న ఆర్గొనాట్‌ను దినదినము చూడగలిగినవారికే సత్యము దొరకునని ఝాన్ గ్రహించెను. కాని దానిని బ్రతికించుట ఎట్లు? గన్‌ఫౌండ్రీ బాలునికి ఎదురైన చిక్కే ఆమెకును ఎదురయ్యెను.

ఈ చిక్కు ఎట్టిదో నేటి శాస్త్రము తెలిపిన సంగతులతో కొంచెము విచారింతము. మనము గాలిలో నున్నట్లే చేప నీటిలో నుండుననుట సత్యమే. అయితే నీటికిని చేపకును గల సంబంధము గాలికిని మనకును గల సంబంధముకంటె దగ్గఱిది. మంచినీటి చేప రక్తములో ఉప్పులు చుట్టునున్న నీటిలోకంటె ఎక్కువ. అందుచే మొప్పలద్వారా నీరు లోనికి ఊరుచుండును. సముద్రపు చేపకు ఇది తలక్రిందులు. దాని శరీరమునుండి నీరు వెలుపలికి పోవుచుండును. మొప్పలును మూత్రపిండములును ఎల్లవేళల శ్రమించి ఈ లెక్కను సరిచేయుచుండును. నీటిలోని ఉప్పుల పాలుగాని, వేడిమిగాని, పులుపుగాని ఒక్కసారిగా మాఱినచో ఆ అవయవములు తట్టుకొనలేవు. అదే మార్పు మెల్లమెల్లగా జరిగినచో అనేక జీవులు ఓర్చుకొనగలవు. చేపకు ముప్పు ఎక్కువగా ఆ మార్పుయొక్క తొందరలో ఉన్నది.

ఝాన్ కాలమునకు ఈ లెక్కలు తెలియవు. కాని ఆమె జీవుల ప్రవర్తనను శ్రద్ధతో కనిపెట్టినది. 1832లో ఆమె తన పరిశీలనలకై మూడు విధములైన సాధనములను రూపొందించెను. మొదటిది గదిలో ఉంచెడి గాజుతొట్టి. అందు సముద్రపు నీటిని నింపి చిన్నజీవులను ఎదుట పెట్టుకొని చూడవచ్చును. రెండవది పంజరములో అమర్చిన గాజుపాత్ర. దీనిని లోతులేని సముద్రజలములోనికి దింపి, చూడవలసినప్పుడు పైకి తీసి, మరల దింపవచ్చును. మూడవది పెద్ద పంజరము. దీనిని లంగరులతో సముద్రములోనే నిలిపియుంచవలెను. పెద్ద జీవులు అందులో తమ పుట్టినీటియందే నివసించును. అలలు వచ్చి నీటిని మార్చుచుండును. పాఱిపోవుటకు మాత్రము వీలుండదు. ఈ పంజరములకు తరువాతి కాలమున పవర్ పంజరములని పేరు వచ్చినది.

ఈ మూడింటిని వరుసగా చూచినచో ఆమె బుద్ధిసూక్ష్మత తెలియును. సుకుమారమైన జీవిని ఒక్కసారిగా తన గదికి లాగికొని రాలేదు. దానికి అలవాటైన నీటిని, మేతను, కదలికను విడిపింపక, తానే దాని దగ్గఱకు పోయినది. జీవిని మన యింటికి తెచ్చుటకు ముందు మన యింటిని దానికి తగినట్లు మార్చవలెనను సూత్రము ఆమె పనియంతటను కనబడును.

మెస్సీనా తీరమున పంజరములు దింపి, ఆమె వానియొద్దకు పోయి ఆర్గొనాట్లకు మేత పెట్టుచు, గంటల తరబడి కదలక చూచుచుండెడిది. పూర్వము రాకుమారి దుస్తులపై పూలు కుట్టిన ఓర్పు ఇప్పుడు అక్కఱకు వచ్చెను. ఆర్గొనాట్ గ్రుడ్లనుండి పిల్లలు వెలువడునప్పుడు వానికి గుల్ల లేకుండుటను, తరువాత పెరుగుచున్నకొలది చిన్న పొరవలె గుల్ల ఏర్పడుటను ఆమె చూచెను. అటుపిమ్మట మఱియొక పరీక్ష చేసెను. బ్రతికియున్న ఆర్గొనాట్ గుల్లనుండి చిన్నముక్కను విఱుగగొట్టి, ఏమగునో కనిపెట్టెను. ఆ జీవి తన రెండు చేతుల పొరలను విఱిగినచోట కప్పి, అందుండి స్రవించిన పదార్థముతో పగులును పూడ్చుకొనెను. తెరచాపలని లోకము తలచిన పొరలు నిజమునకు ఇల్లు కట్టెడి పనిముట్లు. చినిగిన వస్త్రమునకు మాసిక వేయుట ఎఱిగిన ఆమెకు ఈ దృశ్యము ఎంత సంతోషము కలిగించియుండునో ఊహింపవచ్చును.

1834లో ఈ ఫలితములు సిసిలీలోని కటానియా నగరపు జొయేనియా విద్వత్పరిషత్తు ముందు వెల్లడింపబడెను. ఆ పరిషత్తులో స్థానము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. అయినను ఫ్రాన్సులోని బ్లాన్‌విల్ వంటి పేరుమోసిన పండితులు ఆమె మాటను వెంటనే అంగీకరింపలేదు. కళాశాల మెట్లెక్కని స్త్రీ, రెండువేల యేండ్లనాటి సందేహమును ద్వీపమున కూర్చుండి తీర్చినదనిన ఎవరు నమ్ముదురు? ఝాన్ కోపముతో వాదమునకు దిగక, వేర్వేరు పరిమాణముల ఆర్గొనాట్లను, మరమ్మతు జరిగిన గుల్లలను సాక్ష్యముగా లండను పండితులకు పంపెను. ప్రఖ్యాత జంతుశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1839లో వానిని అచ్చటి జంతుశాస్త్ర సంఘమున ప్రదర్శించి, ఆమె పక్షమున నిలిచెను. ఆడ ఆర్గొనాట్ తన గుల్లను తానే నిర్మించుకొనుననుట నేడు నిర్వివాదాంశము. గ్రుడ్లను పొదుగుటకు ఆ గుల్ల ఉపయోగపడును. మిక్కిలి చిన్నదైన మగజీవికి గుల్ల ఉండదు.

ఆమె పరిశీలన ఆర్గొనాట్‌తో ఆగలేదు. ఒక అష్టపాది పెద్ద ఆల్చిప్ప తెఱచుకొను సమయమునకై కాచియుండి, అది తెఱచుకొనగానే నడుమ రాయి పెట్టి, మూతపడకుండ చేసి, లోని మాంసమును తినుటను ఆమె వర్ణించెను. జంతువులు సాధనములను ఉపయోగించుననుటకు అది గొప్ప నిదర్శనము. చేపలు తగ్గిపోయిన నదులలో వానిని తిరిగి నింపుటకును ఆమె ఒక మార్గము చెప్పెను. చేపపిల్లలను పంజరములలో పెట్టి మేతవేసి పెంచి, తగిన ప్రాయము వచ్చిన పిమ్మట నదులకు చేర్పవలెననునదే ఆ మార్గము.

ఇట్లు కీర్తి సిద్ధించుచున్న తరుణముననే విధి ఆమెను పరీక్షించెను. మెస్సీనా నుండి లండనునకు ఆమె సేకరణలను, చిత్రములను, వ్రాతప్రతులను తీసికొనిపోవుచున్న ఓడ 1838లో సముద్రమున మునిగిపోయెను. ఏ సముద్రపు రహస్యములను ఆమె ఏండ్ల తరబడి ఒక్కొక్కటిగా వెలికితీసెనో, ఆ సముద్రమే వానిని తిరిగి తీసికొన్నది. మనుష్యులు మోసగించినచో కోపపడవచ్చును. సముద్రముతో ఎవరు పోరాడగలరు? అయినను ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మిగిలిన జ్ఞానమును గ్రంథరూపమున ఉంచెను. సిసిలీ ప్రకృతి సంపదనుగూర్చి 1839లో ఒక గ్రంథమును, ఆ ద్వీపమును చూడవచ్చువారికై 1842లో ఒక మార్గదర్శినిని ప్రకటించెను. పిమ్మట దంపతులు సిసిలీని విడిచి, పారిస్‌లోను లండనులోను కాలము గడపిరి.

ఇంతలో ఐరోపాలో గాజుతొట్ల మోజు పెరిగెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు ప్రజలు చూచుటకై చేపల మందిరము తెఱవబడెను. మఱుసటి యేడు ఫిలిప్ హెన్రీ గోస్ అను ఆంగ్లేయుడు వ్రాసిన గ్రంథముతో అక్వేరియము అను పేరు ఇంటింట ప్రాకెను. ధనికుల కూటశాలలు గాజుతొట్లతో నిండెను. ఆ సందడిలో మెస్సీనా తీరపు వనితను జనులు మఱచిరి. 1858లో రిచర్డ్ ఓవెన్ మరల ముందుకు వచ్చి, ఈ విద్యకు మూలపురుషులలో ఆమెకు అగ్రస్థానము చెల్లునని లోకమునకు గుఱుతుచేసెను.

1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవించి, జర్మను సేనలు పారిస్‌ను ముట్టడించెను. వృద్ధురాలైన ఝాన్ నగరమును విడిచి, పదునెనిమిదవ యేట తాను నడచి వెడలిన జుయాక్ పల్లెకే తిరిగి చేరెను. 1871 జనవరిలో, డెబ్బదియాఱేండ్ల ప్రాయమున, ఆమె అచ్చటనే కన్నుమూసెను. తరువాత ఒక శతాబ్దమునకు పైగా ఆమె పేరు ఎవరికిని పట్టలేదు. 1997లో శుక్రగ్రహముపై నున్న ఒక బిలమునకు విల్‌ప్రో పవర్ అని నామకరణము చేసిరి.

ఆమె మార్గము మనదాక వచ్చినది. 1909లో మద్రాసు మెరీనా తీరమున చేపల ప్రదర్శనశాల వెలసినది. 2007లో విశాఖపట్టణము దగ్గఱ కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సముద్రమధ్యమున పంజరమును దింపి చేపలను పెంచిరి. నేడు తెలంగాణ జలాశయములలోను వలపంజరములలో చేపలు పెరుగుచున్నవి. చేపను దాని నీటిలోనే ఉంచి పెంచవలెనను ఆలోచనయే వీనియన్నింటను కానవచ్చును.

ఇక మన గన్‌ఫౌండ్రీ బాలుని సంగతి. మిగిలిన రెండు చేపలను కాపాడుటకు మేము మేతను బాగుగా తగ్గించి, దినదినమును కొంచెము నీటిని మాత్రము మార్చుచు వచ్చితిమి. కుళాయి నీటిలోని క్లోరిను చేపల మొప్పలకు హానికరము గనుక, దానిని పోగొట్టెడి మందు చుక్కలను కలిపిన పిమ్మటనే వాడితిమి. చేపలు విసర్జించు అమ్మోనియా విషము వంటిది. దానిని హానిలేని పదార్థముగా మార్చెడి సూక్ష్మజీవులు క్రొత్త తొట్టిలో ఉండవు. అవి వృద్ధి పొందుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. తళతళలాడు క్రొత్త తొట్టి చేపకు ప్రమాదకరమగుటకు కారణమిదియే. బాలుడు అన్ని వారములు వేచియుండెను. తొట్టిలో నీటిమొక్కలు నాటెను.

పిమ్మట నాలుగు క్రొత్త చేపలను తెచ్చెను. ఈ మాఱు దీపము నార్పి, మూసిన సంచిని తొట్టినీటిపై ఇరువది నిమిషములు తేలనిచ్చెను. రెండు నీళ్ళ వేడిమి సమమయ్యెను. తరువాత సంచిని తెఱచి, కొన్ని నిమిషముల కొకసారి చిన్నగిన్నెతో తొట్టినీటిని సంచిలో పోయుచు సుమారు గంటసేపు కూర్చుండెను. చివరకు సంచినీటిని తొట్టిలో కలుపక, చేపలను మాత్రము మెత్తని వలతో తీసి విడిచెను. ఆనాడు మేత వేయలేదు. చేపలు మొక్కలచాటున దాగినను వానిని తట్టి పిలువలేదు. మఱునాడుదయమున ఆఱు చేపలును గుంపుగా తిరుగుట చూచి వాని ముఖము వికసించెను.

బాలబాలికలారా! ఆ బాలునికి మొదటిసారి ప్రేమ తక్కువ కాలేదు. ఓర్పు మాత్రము తక్కువయ్యెను. మాటలాడలేని జీవి కష్టమును దాని యొద్ద కూర్చుండి చూచినవారే తెలిసికొనగలరు. పల్లెనుండి నడచివచ్చిన కుట్టుపని పిల్ల మహాపండితులకు అందని సత్యమును అందుకొన్నది. ఆమెకు తోడ్పడినవి గొప్ప యంత్రములు కావు. సముద్రములోనికి దింపిన ఒక పంజరము, దాని ప్రక్కన నిలిచి తొందరపడక చూచిన రెండు కన్నులు. మీ తరగతికి క్రొత్త ఊరినుండి ఒక విద్యార్థి వచ్చి, మూలన బిక్కుబిక్కుమని కూర్చుండినప్పుడును ఈ కథను తలచుకొనుడు. క్రొత్త నీరు అలవాటగుటకు అందఱికిని కొంత కాలము కావలెను.